.32 రివాల్వర్‌కి రబ్బరు గ్రిప్: మీ చేతికి నప్పేది ఎంచుకోవడం ఎలా

మన దిక్కు లైసెన్స్ మీద ఇంట్లో ఉండే రివాల్వర్ అంటే చాలావరకు .32 బోరుదే (బోరు అంటే బ్యారెల్ రంధ్రం సైజు). మిర్యాలగూడ రైస్‌మిల్లు ఓనరు దగ్గరున్నదైనా, మహబూబ్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డ మాజీ సైనికుడిదైనా, తాత నుంచి మనవడి దాకా చేతులు మారుతూ వచ్చిన పాత వెబ్లీ (బ్రిటిష్ కంపెనీ రివాల్వర్) అయినా అంతే. వీటిలో చాలావాటికి పిడి చిన్నది. రెండు పక్కలా పల్చటి ప్లేట్లు, నున్నటి చెక్కవో ప్లాస్టిక్‌వో ఉంటాయి. పట్టుకుంటే చిటికెన వేలికి చోటుండదు. చెమట పట్టిందంటే పిడి చేతిలోనే తిరుగుతుంది. అందుకే రబ్బరు గ్రిప్ (పిడికి వేసే తొడుగు) వేయించుకుందామనే ఆలోచన వస్తుంది. ఆలోచన మంచిదే, కానీ చాలామంది షాపులో నొక్కి చూసి, మెత్తగా ఉన్నదాన్ని పట్టుకొస్తారు. లెక్క తప్పేది అక్కడే.

పేరున్న రబ్బరు గ్రిప్‌లు అమెరికావి. పాక్‌మయర్, హోగ్ కంపెనీల పేర్లు మీరూ వినే ఉంటారు. అక్కడ .357 మాగ్నమ్, .44 మాగ్నమ్ లాంటి పెద్ద తూటాలు పేల్చేవాళ్లు ఎక్కువ. వాళ్ల అరచేతికి దెబ్బ తగలకుండా గ్రిప్‌ను లావుగా, పిడి వెనక భాగాన్ని కూడా కప్పేలా చేస్తారు. .357లో మామూలుగా వాడే బుల్లెట్ బరువు 158 గ్రెయిన్లు (బుల్లెట్లను తూచే చిన్న కొలత), వేగం సెకనుకు 1200 అడుగులు దాటుతుంది. మన .32లో వాడే ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ అనే తూటాలో బుల్లెట్ 98 గ్రెయిన్లే, వేగం 700 అడుగుల అటూ ఇటూ. ఇది పెద్దగా తన్నదు. మన తుపాకీలతో అసలు ఇబ్బంది ట్రిగ్గర్. హ్యామర్ (తూటాను కొట్టే సుత్తి) వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే (డబుల్ యాక్షన్ అనేది దీన్నే) చాలా బరువుగా ఉంటుంది. ఆ బరువు లాగాలంటే చూపుడు వేలు ట్రిగ్గర్ మీద సరైన చోట పడాలి. లావు గ్రిప్ వేస్తే ఆ వేలే అందకుండా పోతుంది. కాబట్టి ముందు వేలు అందుతోందా లేదా చూడండి, ఆ తర్వాత చెమటకు జారకుండా ఉంటుందా చూడండి. మెత్తదనం సంగతి చివర్లో.

ముందు ఖాళీ చేయండి

కొలతలు తీసుకునే ముందే సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) తెరిచి తూటాలన్నీ బయటికి తీయండి. చేతిలో పోసుకుని లెక్కపెట్టండి. ఆరు గూళ్లనూ వేలి కొసతో తడిమి చూడండి. ఆ తూటాలను ఇంకో గదిలో, బీరువాలో పెట్టి తాళం వేయండి. పిల్లలుంటే తలుపు గడియ పెట్టుకోండి. పని మధ్యలో ఫోన్ వచ్చి లేచి వెళ్లారా, తిరిగొచ్చాక సిలిండర్ మళ్లీ తెరిచి చూసుకోండి. ఇంట్లో మనమే ఖాళీ చేశాం కదా అని వదిలేయకండి.

మీ దగ్గరున్నది ఏ తుపాకీ?

గ్రిప్‌ను బోరు చూసి కొనకూడదు, ఫ్రేమ్ (తుపాకీ ఇనుప చట్రం) చూసి కొనాలి. ఒకే .32 బోరులో ఉన్నా పిడి ఎముక ఒక్కో తుపాకీకి ఒక్కో తీరుగా ఉంటుంది.

కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే .32 మన దగ్గర అందరికీ తెలిసినదే. పాత ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 2021 అక్టోబరులో ఏడు కంపెనీలుగా విడదీశారు, ఇప్పుడు ఈ ఫ్యాక్టరీ వాటిలో ఒకటైన ఏడబ్ల్యూఈఐఎల్ (అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్) కింద ఉంది. దీనిది వెబ్లీ తరహా. గొళ్లెం నొక్కితే బ్యారెల్ ముందుకు వంగి సిలిండర్ తెరుచుకుంటుంది. 2014లో వచ్చిన నిర్భీక్ కూడా ఆ కుటుంబంలోదే. టైటానియం మిశ్రమంతో చేశారు కాబట్టి అర కిలో దగ్గరే తూగుతుంది. నిర్భయ ఘటన తర్వాత ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఆ పేరు పెట్టారు. అప్పట్లో ధర లక్షా 22 వేల పైచిలుకు. అంత ధర పెట్టి కొనే ఆడవాళ్లు ఎంతమంది అన్నది వేరే చర్చ. 2023లో వచ్చిన ప్రబల్‌ది ఇంకో తీరు, సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయిలో 2020 నుంచి తయారవుతున్న వెబ్లీ అండ్ స్కాట్ మార్క్ ఫోర్ ఒకటి. ఇవి కాక, పాత కాలంలో విదేశాల నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన స్మిత్ అండ్ వెసన్‌లు కొందరి ఇళ్లలో ఉన్నాయి.

విదేశీ గ్రిప్ పెట్టె మీద ‘జె ఫ్రేమ్’, ‘కె ఫ్రేమ్’ అని ఉంటుంది. అవి స్మిత్ అండ్ వెసన్ సైజులు. జె అంటే చిన్నది, కె మధ్యరకం. కె ఫ్రేమ్‌కు సరిపోయేది ఎల్ ఫ్రేమ్‌కూ సరిపోతుంది. వీటిలోనే పిడి అడుగు గుండ్రంగా ఉండేవి, చదరంగా ఉండేవి అని మళ్లీ రెండు రకాలు. కాన్పూర్ తుపాకీకి జె ఫ్రేమ్ గ్రిప్ కొని, "కొద్దిగా చెక్కితే సరిపోతుంది" అనే మాట నమ్మకండి. రబ్బరును చెక్కినా లోపలి స్క్రూ రంధ్రం కలవదు. అది కలవకపోతే ఫ్రేమ్‌ను ఆకురాయితో రుద్దాలనిపిస్తుంది. ఫ్రేమ్ జోలికి మాత్రం వెళ్లకండి.

చెయ్యి కొలుచుకోవడం

ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే సగం తలనొప్పి పోతుంది.

ఖాళీ తుపాకీని గోడ వైపు పెట్టండి. గోడ అవతల మనుషులు తిరిగే గది కాకుండా చూసుకోండి. పిడిని పట్టుకుని, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే సందును పిడి వెనక వీలైనంత పైకి, హ్యామర్ కిందికి తోయండి. ఇప్పుడు బ్యారెల్, మణికట్టు, ముంజేయి ఒకే గీతలో ఉన్నాయా? పక్కనున్నవాళ్లను పైనుంచి చూసి చెప్పమనండి. ఆ గీత తప్పకుండా చూపుడు వేలు ట్రిగ్గర్ మీద ఎక్కడ పడుతోందో గమనించండి. హ్యామర్ ముందే ఎత్తిపెట్టి నెమ్మదిగా పేల్చడానికైతే వేలి కొస కండ చాలు. డబుల్ యాక్షన్ లాగాలంటే వేలి మొదటి కణుపు మడత దాకా ట్రిగ్గర్ మీద ఉండాలి, అప్పుడే బలం వస్తుంది.

వేలి కొస మాత్రమే తగులుతుంటే మీకు గ్రిప్ లావైందని అర్థం. ఇప్పుడున్న పల్చటి ప్లేట్లతోనే అలా ఉంటే, వెనక భాగం కప్పే రబ్బరు గ్రిప్ మీకు పనికిరాదు. వేలు అందక చాలామంది పిడినే చేతిలో పక్కకు తిప్పి పట్టుకుంటారు. అప్పుడు ట్రిగ్గర్ వేలికి దగ్గరవుతుంది గానీ బ్యారెల్ ముంజేతి గీత తప్పుతుంది. తన్నుడంతా బొటనవేలి మొదలు మీద పడుతుంది. "తుపాకీ చేతికి తగులుతోంది" అనే ఫిర్యాదులో సగం ఇదే. దానికి మందు లావు గ్రిప్ కాదు, సన్న గ్రిప్.

దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. పెద్ద చేతులవాళ్లకు వేలు రెండో కణుపు దాకా లోపలికి వెళ్లిపోతుంది. ట్రిగ్గర్ లాగిన ప్రతిసారీ బ్యారెల్ పక్కకు లాక్కుపోతుంది. వాళ్లకు వెనక భాగం కప్పే గ్రిప్పే సరైనది. చేనుపని చేసిన మొద్దు చేతులకూ, ఆఫీసు పని చేతులకూ ఒకే సైజు సరిపోదు. తుపాకీ వాడే లైసెన్స్ ఇంట్లో ఇద్దరికీ ఉంటే చిన్న చేతికి సరిపోయేలా గ్రిప్ కొనండి. పెద్ద చెయ్యి సన్న పిడికి సర్దుకుంటుంది, చిన్న చెయ్యి లావు పిడికి సర్దుకోదు.

చిటికెన వేలి సంగతి. మూడు వేళ్లూ పిడి మీద పడితే తుపాకీ అదుపులో ఉంటుంది, నిజమే. కానీ అందుకోసం పిడి ఒక అంగుళం కిందికి పొడుగైతే చొక్కా కింద దాచుకోవడం కుదరదు. బయటికి తీసుకెళ్లేవాళ్లు చిటికెన వేలిని పిడి అడుగున మడిచి పెట్టుకోవడం అలవాటు చేసుకోవచ్చు. తుపాకీ బీరువాలోనే ఉంటుందనుకుంటే పొడుగు గ్రిప్పే మేలు.

ముందు వైపు వేళ్లకు గాడులు పెట్టిన గ్రిప్‌లు వస్తాయి. చూడ్డానికి బాగుంటాయి. మీ వేళ్లు ఆ గాడుల్లో పడితే అదృష్టం. పడకపోతే వేలికీ వేలికీ మధ్య ఉండే గట్టు సరిగ్గా వేలి కిందికి వచ్చి ఇబ్బంది పెడుతుంది. నా సలహా అడిగితే గాడుల్లేనిదే కొనండి.

రబ్బరు, మన ఎండ

నల్లగొండలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డులో తుపాకీ పెట్టడమే తప్పు, పైగా అక్కడ రబ్బరు ఇంకా త్వరగా పాడవుతుంది. నాసిరకం రబ్బరు రెండు మూడు ఎండాకాలాలు చూశాక జిగురు పట్టి చేతికి నల్లగా అంటుకుంటుంది. కొనేటప్పుడు గోటితో గట్టిగా నొక్కి చూడండి. గోటి గుర్తు కాసేపు అలాగే ఉండిపోతే వద్దు. వెంటనే పైకి వచ్చేయాలి. వాసన చూడండి, కొత్త టైరులా ఘాటుగా వాసన వచ్చేదాన్ని పక్కన పెట్టండి. పైన నున్నగా కాకుండా సన్నటి గరుకు చుక్కలు ఉండాలి. చేతికి చెమట పట్టాక పట్టు నిలిపేది ఆ గరుకే.

మరీ మెత్తటి రబ్బరుతో ఇంకో చిక్కుంది. అది బట్టకు అంటుకుంటుంది. నడుము దగ్గర పెట్టుకుంటే చొక్కా అంచు గ్రిప్‌తో పాటే పైకి లేస్తుంది, అందరికీ కనిపిస్తుంది. చొక్కా కింద పెట్టుకునేవాళ్లకు కాస్త గట్టి రబ్బరు, లేదా గరుకు చెక్క మేలు.

పాతవాళ్లు సైకిల్ ట్యూబు ముక్క కోసి పిడికి తొడిగేవాళ్లు. ఇప్పటికీ కనిపిస్తుంది. మిర్యాలగూడలో ఒక పెద్దాయన వెబ్లీకి ఉన్న ట్యూబు తీయమంటే, "ఎందుకు తియ్యాలె బిడ్డా, మస్తు పట్టు ఉంటది" అన్నాడు. "ఒక్కసారి తీసి చూద్దాం కాకా, మళ్లీ తొడుగుదాం" అంటే ఒప్పుకున్నాడు. తీసేసరికి ట్యూబు అంచు పడిన చోట ఫ్రేమ్ మీద ఎర్రటి గీత, గోటితో గీకితే పొడి రాలింది. లోపల చెమట చేరి, ఆరే దారి లేక, ఇనుము తుప్పు పట్టింది. ఖరీదైన రబ్బరు గ్రిప్ కింద కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే కంటికి కనపడదు.

ట్యూబు బదులు బ్యాడ్మింటన్ రాకెట్‌కు చుట్టే గ్రిప్ టేపు కొంచెం నయం. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ చుట్టుపక్కల స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతుంది. లావు పెద్దగా పెరగదు, మాసిపోతే మార్చేయవచ్చు. వేలు అందడం బాగానే ఉండి చెమటకు జారడం మాత్రమే మీ ఇబ్బంది అయితే, వేలకు వేలు పెట్టే ముందు ఇది చుట్టి చూడండి.

తగలకూడని చోట్లు

గ్రిప్ చేతికి నప్పినా తుపాకీకి అడ్డం కాకూడదు. బ్యారెల్ ముందుకు వంగే రకంలో గొళ్లెం ఎడమ వైపు, బొటనవేలికి అందేలా ఉంటుంది. ఎడమ ప్లేటు పైభాగం లావుగా ఉంటే గొళ్లెం పూర్తిగా కిందికి దిగదు. గ్రిప్ బిగించాక నాలుగైదు సార్లు తెరిచి మూసి చూడండి. ప్రబల్, స్మిత్ అండ్ వెసన్‌లలో సిలిండర్ ఎడమ పక్కకు వస్తుంది కాబట్టి, అక్కడ గ్రిప్ లావుగా ఉంటే పేలిన ఖోకాలు (ఖాళీ తూటా గుల్లలు) బయటికి రాకుండా దానికి తగులుకుంటాయి. మంచి కంపెనీలు ఎడమ ప్లేటులో అందుకే ఒక పల్లం ఇస్తాయి.

లోపలి సంగతి ఇంకా ముఖ్యం. పాత వెబ్లీ లాంటి తుపాకీల్లో హ్యామర్‌ను ఆడించే మెయిన్‌స్ప్రింగ్ పిడి లోపలే ఉంటుంది. రబ్బరు లోపలి గోడ దానికి ఒరిస్తే ట్రిగ్గర్ ఇంకా బరువెక్కుతుంది, లేదా హ్యామర్ దెబ్బ బలహీనపడి తూటా పేలదు. గ్రిప్ వేయకముందు, వేశాక హ్యామర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగి తేడా చూడండి. తేడా తెలిస్తే ఆ గ్రిప్ తిరిగి ఇచ్చేయండి.

ఇంకోటి చాలామందికి తట్టదు. పాత స్మిత్ అండ్ వెసన్‌లకు నంబరు పిడి అడుగున కొట్టి ఉంటుంది. మొత్తం కప్పే గ్రిప్ వేస్తే అది కనిపించదు. రెన్యువల్‌కో వెరిఫికేషన్‌కో తీసుకెళ్లినప్పుడు నంబరు చూపించమంటే అక్కడ స్క్రూడ్రైవర్ వెతుక్కోవాలి. లైసెన్స్ గడువు ఇప్పుడు ఐదేళ్లు (2019 సవరణకు ముందు మూడేళ్లు) కాబట్టి ఆ రోజు దాకా గ్రిప్ వేసిన సంగతే మరిచిపోతారు. నంబరు ఎక్కడుందో ముందే చూసుకోండి. దాన్ని రుద్దడం, చెరపడం ఆయుధ చట్టం 1959 సెక్షన్ 8 కింద నేరం. గ్రిప్ సర్దడానికి అడుగున కొద్దిగా రుద్దాం అంటే ఎవరూ వినరు.

కొనేటప్పుడు

లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరే కొనండి, బిల్లు తీసుకోండి. లైసెన్స్ పుస్తకం, ఖాళీ తుపాకీ రెండూ వెంట తీసుకెళ్లి, షాపులోనే తొడిగించి చూసుకోండి. ఫోటో చూసి తెప్పించుకున్న గ్రిప్ సరిపోకపోతే వెనక్కి తీసుకునేవాళ్లు దొరకడం కష్టం.

కాన్పూర్ తుపాకీకి సరైన రబ్బరు దొరకకపోతే వడ్రంగి చేత టేకుతో చేయించుకోవచ్చు. మంచి వడ్రంగి మీ చెయ్యి చూసి, ఎక్కడ సన్నం చేయాలో మీకంటే బాగా చెప్తాడు. కానీ తుపాకీని అతని దగ్గర వదిలి రావద్దు. పాత ప్లేట్లు రెండూ విప్పి, అవి మాత్రమే ఇవ్వండి. వాటి కొలతతోనే పని అయిపోతుంది. ఆయుధాలు మరమ్మతు చేసేవాళ్లకు కూడా చట్టం ప్రకారం లైసెన్స్ ఉండాలి. చెక్క పని వేరు, తుపాకీ పని వేరు.

బిగించడం

పాత ప్లేట్ల స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే చదును మొన స్క్రూడ్రైవర్ తీసుకోండి. సన్నది పెడితే జారి గాడి చెడిపోతుంది, పక్కనున్న చెక్క మీద గీత పడుతుంది. స్క్రూ కొద్దిగా వదులయ్యాక పూర్తిగా తీసేయకుండా దాని తల మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. అవతలి ప్లేటు దానంతట అదే లేస్తుంది. సందులో కత్తి పెట్టి ఎత్తితే ప్లేటు అంచు పగులుతుంది.

ప్లేట్లు వచ్చాక ఫ్రేమ్‌ను పొడిగుడ్డతో తుడవండి. తుప్పు మచ్చలుంటే నూనె రాసిన మెత్తటి గుడ్డతో రుద్దండి. ఉప్పుకాగితం వద్దు. తర్వాత తుపాకీ నూనె ఒక చుక్క వేలికి రాసుకుని ఫ్రేమ్ అంతా పూయండి, మిగిలింది తుడిచేయండి. చాలా ఫ్రేముల్లో అడుగున చిన్న పిన్ను ఉంటుంది, కొత్త గ్రిప్ లోపలి రంధ్రం దాని మీద సరిగ్గా కూర్చోవాలి. హోగ్ మోనోగ్రిప్ లాంటివి ఒకే ముక్క. వాటిలో ముందు ఒక చిన్న లోహపు కొక్కెం ఫ్రేమ్‌కు తగిలించి, కింది నుంచి గ్రిప్ తోసి, అడుగున స్క్రూ బిగించాలి.

స్క్రూ బిగించడంలో బలం చూపించకండి. రబ్బరు నలిగి పక్కకు ఉబ్బితే ఎక్కువైనట్టే. వదులవుతుందేమోనన్న టెన్షన్‌తో గట్టి జిగురు పోసేవాళ్లుంటారు. అలా చేస్తే మళ్లీ విప్పాలన్నప్పుడు స్క్రూ తల తెగిపోతుంది.

వేసిన తర్వాత

ఖాళీ తుపాకీతో కొన్ని రోజులు గోడ వైపు ట్రిగ్గర్ లాగడం సాధన చేయండి. డమ్మీ తూటాలు వేసుకుంటే ఫైరింగ్ పిన్నుకు మంచిది. ట్రిగ్గర్ లాగిన క్షణంలో ముందు సైటు (బ్యారెల్ కొసన గురి చూసే ముల్లు) పక్కకు కదులుతోందా అన్నదే చూడాలి. కదలకపోతే గ్రిప్ మీకు నప్పినట్టు. కుడిచేతి వాళ్లకు ఎడమ వైపుకు తోసినట్టు కదిలితే వేలు తక్కువ పడుతోందని, కుడి వైపుకు లాగితే ఎక్కువ పడుతోందని కోచ్‌లు చెప్తారు.

తూటాలతో పరీక్షించాలంటే రేంజ్‌కే వెళ్లాలి. హైదరాబాద్ గచ్చిబౌలిలో షూటింగ్ రేంజ్ ఉంది. వెళ్లే ముందు ఫోన్ చేసి, సొంత తుపాకీ తెచ్చుకోనిస్తారో లేదో కనుక్కోండి. 25 మీటర్ల సెంటర్ ఫైర్ (పిస్టల్ షూటింగ్‌లో ఒక విభాగం) పోటీల్లో మన .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తూటానే ఎక్కువగా వాడతారు కాబట్టి ఆ పోటీదారుల పిడి ఎలా ఉందో గమనిస్తే చాలా తెలుస్తుంది. వాళ్లవి చెక్కవి, చేతి అచ్చుకు తగ్గట్టు చెక్కినవి.

ఇంట్లో నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి గ్రిప్ విప్పండి. రబ్బరును సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. కిరసనాయిలు, పెట్రోలు, బ్యారెల్ కడిగే మందు రబ్బరుకు తగలనివ్వద్దు, ఉబ్బి మెత్తబడిపోతుంది. ఫ్రేమ్‌కు మళ్లీ పల్చగా నూనె రాసి, పూర్తిగా ఆరిన గ్రిప్పే వేయండి.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో జమ చేయమంటారు. అప్పుడు రబ్బరు గ్రిప్ తీసేసి, కంపెనీ ప్లేట్లు వేసి ఇవ్వండి. తుపాకీ నెలల తరబడి అక్కడే ఉంటుంది, రబ్బరు కింద చేరిన చెమటను తుడిచేవాళ్లు ఉండరు. రసీదు మీద నంబరు సరిచూసుకోండి. కంపెనీ ప్లేట్లను, వాటి స్క్రూను చిన్న కవర్లో వేసి లైసెన్స్ పుస్తకంతో పాటే ఉంచుకుంటే ఆ రోజు వెతుక్కోవాల్సిన పని ఉండదు.